మినిట్సు పుస్తకములోని మనుష్యులు
(వినిఫ్రెడ్ హోల్ట్‌బీ రచించిన 'సౌత్ రైడింగ్' నవలపై విమర్శ)

పురపాలకసంఘపు సమావేశము సాహిత్యమునకు వస్తువు కాగలదా యని యెవరైన నడిగినచో మనలో పెక్కుమంది నవ్వుదురు. మురుగుకాలువకు మంజూరైన మొత్తము, దీపస్తంభములకు పిలిచిన టెండర్లు, ఆసుపత్రిలో ఖాళీపడిన ఉద్యోగము, వచ్చు నెలకు వాయిదాపడిన తీర్మానము: వీనిలో రసమెక్కడిది? శృంగారమునకు ఉద్యానములను, వీరమునకు రణరంగములను, కరుణమునకు బంధువియోగమును మన యాలంకారికులు చూపినారు గాని, ఉపసంఘపు నివేదికను ఏ రసమునకును విభావముగా వారు చెప్పియుండలేదు. ఐనను మన యింటికి వచ్చు నీరు, మన పిల్లలు నడచు త్రోవ, మన వీధిలోని ప్రసూతిశాల, మన యూరి బడి, వీని నన్నిటిని నిర్ణయించునది రణరంగము కాదు. పదిమంది కూర్చుండి చేతులెత్తు ఆ గదియే. ఎవరు ప్రతిపాదించిరో, ఎవరు బలపరచిరో, ఎందరు చేతులెత్తిరో మినిట్సు పుస్తకమున నుండును. ఆ తీర్మానమువలన నెవరి బ్రదుకు నిలిచెనో, ఎవరి బ్రదుకు కూలెనో మాత్రము అందుండదు.

అందుండని దానిని వ్రాయబూనిన నవల యొకటి యాంగ్లమున గలదు. దాని పేరు 'సౌత్ రైడింగ్'. దానిని రచించినది వినిఫ్రెడ్ హోల్ట్‌బీ. ఆమె 1935 సెప్టెంబరులో, ముప్పదియేడేండ్ల ప్రాయముననే, మూత్రపిండముల వ్యాధితో గతించినది. తనకు మిగిలిన కాలము స్వల్పమని యెరిగియే యామె యీ గ్రంథమును వ్రాసినది. ఆమె ప్రాణస్నేహితురాలును రచయిత్రియు నగు వేరా బ్రిటెన్ ప్రచురణభారమును వహింపగా నవల 1936లో వెలువడి, జేమ్స్ టెయిట్ బ్లాక్ బహుమానమును పొందినది.

గ్రంథకర్త్రి తల్లి యార్క్‌షైరులోని ఈస్ట్ రైడింగ్ కౌంటీ కౌన్సిలున సభ్యురాలు. అచ్చట ఆల్డర్మను పదవి నందిన మొదటి స్త్రీ. ఆనాటి పద్ధతిలో ప్రజలు కౌన్సిలర్ల నెన్నుకొందురు. ఆ కౌన్సిలర్లు మరల ఆల్డర్మనులను ఆరేండ్ల కాలమునకు ఎన్నుకొందురు. అనుభవమునకును పలుకుబడికిని గుర్తైన పదవి యది. 1907కు పూర్వము కౌంటీ కౌన్సిలున స్త్రీలకు ప్రవేశమే లేదని స్మరించినచో ఆ తల్లి స్థానము ఎట్టిదో తెలియును. ఆమె కౌన్సిలు కాగితములు, ఆమె చెప్పు కబుర్లు కూతురికి కథావస్తువైనవి. తల్లికి ఈ ప్రచురణము రుచింపలేదు. తోడి సభ్యులు తమ్మే చిత్రించిరని తలతురేమో యను భయము సహజమే గదా. కూతురో, గ్రంథారంభమున తల్లినే యుద్దేశించి యొక లేఖ వ్రాసి, పాత్రలు కల్పితములని చెప్పి, స్థానికపాలనమనునది ఉమ్మడి యాపదలకు ఎదురుగా సమాజము నిలుపుకొనిన మొదటి రక్షణయను తన భావమును వెల్లడించినది.

పేరునుగూర్చి యొక మాట. యార్క్‌షైరునకు ఉత్తర, తూర్పు, పశ్చిమములని మూడు రైడింగులే యుండెడివి. 'రైడింగు' శబ్దమునకు మూలార్థమే మూడవవంతు. కావున దక్షిణ రైడింగనునది ఏ భూపటమునను కానరాదు. మూడు మూడవవంతులకు తోడు నాల్గవదానిని కల్పించుటలోనే గ్రంథకర్త్రి చమత్కారమున్నది. ఆ లేని సీమ తాను పుట్టిపెరిగిన తూర్పు రైడింగే యని చదివిన వారందరికిని తెలియును.

కథాకాలము 1932 మొదలు 1935 మే నెలలో అయిదవ జార్జి సింహాసనారోహణపు రజతోత్సవము వరకు. 1929లో నారంభమైన ఆర్థికమాంద్యము లోకమును క్రుంగదీసిన దినములవి. 1932-33 శీతకాలమున బ్రిటనులోని నిరుద్యోగుల లెక్క 30 లక్షలకు చేరువైనది. ఆ దేశపు పల్లెలందు పంటలకు ధర లేదు; చిన్న పట్టణములందు వర్తకము లేదు. 1929 నాటి స్థానికపాలనచట్టముచే, పేదల పోషణభారము వెనుకటి గార్డియన్ల బోర్డుల నుండి తొలగి, 1930 ఏప్రిలు 1 నుండి కౌంటీ కౌన్సిళ్లపైని, పెద్ద పట్టణముల కౌన్సిళ్లపైని పడినది. మరుసటి సంవత్సరమే ప్రభుత్వము పొదుపు పేరిట ఉపాధ్యాయుల జీతములను తగ్గించి, నిరుద్యోగభృతిని తగ్గించి, 'ఆదాయపరీక్ష' యను నిబంధనను దెచ్చినది. దాని తాత్పర్యమేమనగా, పని పోయిన మనుష్యునికి సహాయము చేయుటకు ముందు ఆ యింట నెవరెవరు ఎంతెంత తెచ్చుచున్నారో, ఎంత దాచుకొన్నారో విచారింపవలెను. కొడుకు కూలి, కూతురి జీతము లెక్కలోనికి వచ్చును. చట్టము చేసినది లండనులోని పార్లమెంటు. ఇంటింటి లెక్క నడిగి, ఇంత యిచ్చెదమని మొగము మీద చెప్పవలసినవారు ఆ యూరి కౌన్సిలర్లు. మెత్తని మనసుతో ఎక్కువ యిచ్చిన రాథరమ్, డరమ్ ఉపసంఘముల యధికారమును 1932లో ప్రభుత్వము తొలగించి, తన కమిషనర్లను నియమించినది. కావున ఆ నాటి స్థానికసభ్యుని యవస్థ, రెండు రాళ్ల నడుమ నలుగు గింజ యవస్థ.

ఇట్టి కాలమును, ఇట్టి సభను హోల్ట్‌బీ యెట్లు కథగా మలచినది? గ్రంథమున ఎనిమిది భాగములు గలవు. వాని పేరులు వరుసగా విద్య, రహదారులు-వంతెనలు, వ్యవసాయము-చిన్నకమతములు, ప్రజారోగ్యము, ప్రజాసహాయము, మానసికవైకల్యము, ఆర్థికము, గృహనిర్మాణము-పట్టణరచన. ఇవి కౌన్సిలు ఉపసంఘముల పేరులే. ప్రతిభాగమునకు ముందు కౌన్సిలు మినిట్సు నుండి తీసినట్లుగా నొక ఖండికను ఉంచినది. అందు రంగు లేదు, రుచి లేదు. ఇది మంజూరైనది, అది యామోదింపబడినది యను ధోరణియే. పుట త్రిప్పగనే యొక యిల్లు, ఒక వంటగది, ఒక రోగిమంచము. తీర్మానపు మాటలు ఇంకను మన చెవిలో నుండగనే, ఆ తీర్మానము ఏ తలుపు తట్టుచున్నదో మనము చూతుము. పట్టణరచన యను రెండు పొడి మాటల వెనుక ఒకని యాశ, ఒకని మోసము, ఒకని పతనము ఉన్నవని పఠిత క్రమక్రమముగా గ్రహించును. ఈ కూర్పు కేవలము చిత్రవైచిత్రి కాదు. గ్రంథార్థమంతయు నందే యున్నది. సభలో మాటలాడువాడు తలుపు వెనుక నేమున్నదో యెరుగడు. తలుపు వెనుకనున్నవాడు తన గతి సభలో నిర్ణీతమగుచున్నదని యెరుగడు. ఇరువురిని నెరిగినది పఠిత యొక్కడే.

మన దశరూపకకారుడు నాయకుని ధీరోదాత్తాది భేదములచే నాల్గు తెగలుగా విభజించినాడు. ఆ కొలతతో ఈ నవలకు నాయకుని వెదకినచో చిక్కు కలుగును. రాబర్టు కార్న్ యను పెద్దరైతు ధీరోదాత్తుని వలె కనిపించును. పాత మేథోర్పు భవనము, గుఱ్ఱములు, వంశగౌరవము గలవాడు. పాలేర్ల కష్టసుఖముల నెరిగినవాడు. ఆడిన మాట తప్పనివాడు. కాని యతడే బడికిని, రోడ్డునకును, క్రొత్త యిండ్లకును ప్రజాధనము వెచ్చింపరాదని యడ్డుపడువాడు. మతిచెడిన భార్య వైద్యమునకై ఆస్తి నంతను కరగించుకొనుచున్న యా యుత్తముడు, పరుల కష్టములకు సంఘము వెచ్చింపవలెనన్న మాటను వినజాలడు. ప్రతినాయకుని లక్షణమును దశరూపకకారుడే చెప్పియున్నాడు: లోభి, ఉద్ధతుడు, పాపకారి. ఆల్డర్మను స్నెయిత్ ధనవంతుడు, తెరవెనుక సూత్రధారి. కాని యతని యెత్తుల ఫలముగానే రోడ్డును ఇండ్లును ముందునకు సాగును. కౌన్సిలరు హగ్గిన్స్ లారీలు నడుపువాడు, ప్రార్థనామందిరమున ధర్మోపన్యాసములు చేయువాడు. యొక స్త్రీ విషయమున చేసిన తప్పును దాచుటకు అప్పుపడి, ఆ యప్పు తీర్చుటకు, కౌన్సిలు కొనబోవునని తాను ముందుగా విన్న బంజరుపై లాభము నాశించును. అధికారముచే తెలిసిన సంగతిని స్వార్థమునకు వాడుకొనుట కంటె స్థానికపాలనమున పాతదోషము మరియొకటి లేదు. ఐనను హగ్గిన్స్‌ను చూచి మనకు కోపము కంటె జాలియే మిక్కుటముగా పుట్టును. కావున నాయకుడిచ్చట నొక్కడు కాడు, సభయే నాయకుడు. ప్రతినాయకుడును ఆ సభయే.

ఇట్టి చూపు ఆంగ్లనవలలకు పూర్తిగా క్రొత్తది కాదు. జార్జి ఇలియట్ 1871-72లో ప్రకటించిన 'మిడిల్‌మార్చ్'లో ఆసుపత్రికి మతగురువు నెన్నుకొను చిన్న యోటు, ఒక యువవైద్యుని స్వాతంత్ర్యమును అతనికి తెలియకయే హరించును. అచ్చట అది యొక ఘట్టము. ఇచ్చట గ్రంథమంతయు అట్టి యోట్లతోనే నిండినది. పూర్వరంగమున విలేఖరుల గ్యాలరీలో కూర్చుండిన లోవెల్ బ్రౌన్ అను యువకుడు ఆ సభను నాటకమును వలె ఉబలాటముతో చూచును. ఆ తరువాతి వందల పుటలు, గ్యాలరీ నుండి కనబడని భాగమును చూపుటకే.

ఇక స్త్రీపాత్రలు. శ్రీమతి బెడోస్ డెబ్బది దాటిన ఆల్డర్మను. పిసినారి భర్తతో కాపురము చేయుచు, ఇంటిని దిద్దుకొనుచు, ఉపసంఘము తరువాత ఉపసంఘమునకు తానే పోయి, పిల్లల సంగతి, రోగుల సంగతి తానే విచారించు ముసలమ్మ. సిద్ధాంతములు ఆమెకు తెలియవు, మనుష్యులు తెలియుదురు. సారా బర్టన్ కమ్మరి కూతురు, నలువదికి చేరువైన ప్రాయము, ఎఱ్ఱని జుట్టు, పదునైన నాలుక. లండనులో పనిచేసి వచ్చి కిప్లింగ్టన్ బాలికల యున్నతపాఠశాలకు ప్రధానోపాధ్యాయిని యగును. ఆ నాడు ఇంగ్లండున చాల స్థానికసంఘములు పెండ్లియాడిన యుపాధ్యాయినులను ఉద్యోగమున నుంచుకొనెడివి కావు. 1944 నాటి విద్యాచట్టముతో గాని ఆ నిర్బంధము తొలగలేదు. కావున సారా యవివాహితగా నుండుట కేవలము ఆమె స్వభావము కాదు, ఆమె వృత్తి యడిగిన వెలయు. సారాకు విశ్వాసము ప్రణాళికలయందు. బెడోస్‌కు విశ్వాసము మనుష్యులయందు. ఈ యిరువురి సంవాదమే నవలకు వెన్నెముక యని నా యభిప్రాయము. కార్న్‌పై సారాకు కలిగిన ప్రేమ, ఎంత తీవ్రమైనను, దాని తరువాతి మాటయే.

ప్రజాసహాయభాగమును మన గృహములందు చదివి చర్చింపవలసినది. సముద్రతీరమున 'షాక్స్' అను పాత రైలుపెట్టెల నివాసములు గలవు. అందొక దానిలో మిచెల్ అను భీమా ఏజెంటు భార్యాశిశువులతో కాపురము చేయును. ఊరి వారికి డబ్బు లేనపుడు భీమా కట్టువా రుండరు. అతని బ్రదుకు కూలును. కాలరును టైయు ధరించిన మనుష్యుడు, నిన్నటి వరకు ఇతరులకు పొదుపు బోధించినవాడు, ఉపసంఘము నెదుట నిలిచి తన యింటి వస్తువుల లెక్క చెప్పుకొనవలసి వచ్చును. బల్లకు అవతల కూర్చుండిన వారిలో జో ఆస్టెల్ అను సోషలిస్టు గలడు. క్షయరోగముతో కృశించుచు, పేదలకొరకే బ్రదుకు వెచ్చించిన యతడు, తాను ద్వేషించు చట్టమును తన చేతులతో నడుపుచుండును. తాను లేచిపోయినచో తన స్థానమున కఠినుడు వచ్చును. తాను కూర్చుండినచో ఆ కాఠిన్యమునకు తన పేరు తగుల్కొనును. ఈ ధర్మసంకటమును హోల్ట్‌బీ ఉపన్యాసముగా చెప్పలేదు. ఒక గదిగా, ఒక బల్లగా, బల్ల కిరువైపుల మనుష్యులుగా చూపినది. తుదకు ఆస్టెల్ ఉపసంఘములను వదలి పూర్వపు పోరాటజీవితమునకు మరలిపోవును. గ్రంథకర్త్రి అతనిని నిందింపదు, మెచ్చుకొనదు. ప్రజాసేవ చేయదలచిన ప్రతివాడును ఒకనాడు ఆ బల్లకడ తన్ను తాను చూచుకొనక తప్పదు.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చెదను. ఆ రైలుపెట్టెల నివాసములలోనే హోలీ యను కూలివాని కుటుంబముండును. పెద్దకూతురు లిడియా. పెట్టె పైకప్పు మీద కూర్చుండి షేక్స్‌పియరుని 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' చదువుకొను పిల్ల. విద్యార్థివేతనమును సంపాదించి సారా బర్టన్ బడిలో చేరును. ఆ పిల్ల మేధను చూచి సారా పొంగిపోవును. అంతలో తల్లి మరియొక కానుపు తరువాత మరణించును. పసిబిడ్డ, చిన్న తమ్ములు, చెల్లెండ్రు. వండువారెవరు, తుడుచువారెవరు? లిడియా బడి మానును. షేక్స్‌పియరును పైకప్పు మీద వదలి, గిన్నెలు తోమును, బట్టలు పిండును. దినదినము రాయి వలె గట్టిపడుచుండును. సారా కోపించును, వాదించును, తలుపులు తట్టును. ఆమెకు ఉపాయము దొరకదు. తుదకు హోలీ మరియొక వితంతువును పెండ్లియాడగా ఇంటికి ఇల్లాలు వచ్చును. లిడియా బడికి మరలును.

దీనిని మొదట చదివినపుడు ఇది కథాసంవిధానమున లోపమని తలచితిని. స్థానికపాలనము ఉమ్మడి యాపదలకు మొదటి రక్షణ యని గ్రంథారంభమున చెప్పిన రచయిత్రి, తన గ్రంథమున నన్నింటికంటె ప్రియమైన పిల్లను రక్షించుటకు ఉపసంఘమును గాక, తండ్రి రెండవ పెండ్లిని ఆశ్రయించినది. ఎనిమిది యుపసంఘములు కూర్చుండియుండగా, పిల్లను గట్టెక్కించినది యదృష్టము! మన ప్రబంధములందు చిక్కుపడిన కథను ముడివిప్పుటకు ఆకాశవాణి పలికినట్లు, ఇచ్చట వితంతువు వచ్చినది. ప్రతిజ్ఞ యొకటి, నిదర్శన మింకొకటి. నైయాయికుడైనచో దీనిని హేత్వాభాసమనును.

మరల చదివినపుడు నా యభిప్రాయము మారినది. విద్యోపసంఘము లిడియాకు విద్యార్థివేతన మిచ్చినది; దాని పని యైపోయినది. ప్రజారోగ్యోపసంఘమునకు కానుపులు, రోగములు విషయములు. తల్లి పోయిన పిదప ఇంటిలో పసిబిడ్డ నెత్తువారు లేరనుట రోగము కాదు. ప్రజాసహాయోపసంఘమునకు ఆదాయము విషయము; హోలీ యింట లోటు పడినది ధనము కాదు, రెండు చేతులు. ఏ యుపసంఘమునకును లిడియా తన పద్దు కాదు. ఎనిమిది శీర్షికల నడుమ నున్న సందులో ఆ పిల్ల పడిపోయినది. రచయిత్రి ఎనిమిది శీర్షికలతో గ్రంథమును విభజించుట, ఆ శీర్షికలకు అందనిదానిని మనకు చూపుటకే యని నాకిప్పుడు తోచుచున్నది. ఉపసంఘముచే పిల్లను రక్షింపజేసియుండినచో అది తీయని యబద్ధమయ్యెడిది. అదృష్టముచే రక్షింపజేసి, అదృష్టము లేని పిల్లల గతి యేమని మనచే నడిగించినది. అది లోపము కాదు, అభియోగము.

అంతే కాదు. లిడియా మెడ నుండి తొలగిన కాడి అదృశ్యము కాలేదు. మరియొక స్త్రీ మెడ కెక్కినది. ఆ వితంతువు ఇష్టపడియే వచ్చినది, సమర్థురాలు, సంతోషించునది, అది నిజమే. ఐనను ఒక యాడుదాని చదువునకు మరియొక యాడుదాని వెట్టి వెలయైనదను లెక్క యందు దాగియున్నది. స్త్రీవిద్యను కోరు మన సంస్కారప్రియులు ఈ లెక్కను తప్పించుకొనరాదు. పిల్లను బడికి పంపుడని తండ్రికి బోధించితిమి, పుస్తకము లిచ్చితిమి, వేతన మిచ్చితిమి. ఆ పిల్ల చేయుచుండిన పని నెవరు చేయవలెనో చెప్పితిమా?

నేను బడిపంతులను గనుక ఈ ఘట్టము వద్ద ఆగిపోయితిని. నా తరగతిలో నొక బాలిక యుండెను. శ్లోకము నొక్కసారి వినిన ఒప్పగించెడిది. తల్లి జబ్బుపడినది, ఇంట ఏడాది బిడ్డ. హాజరుపట్టీలో ఆమె పేరు కెదురుగా మొదట రెండు గైరుహాజరు గుర్తులు, పిదప వారము పొడుగున, పిదప నెల పొడుగున నా చేతితోనే వేసితిని. చాలకాలముగ రానివారి జాబితా పైకి పంపవలసినపుడు ఆమె పేరు నందు చేర్చితిని. జాబితాలో కారణమను గడి యుండెను. అందు 'గృహకారణములు' అని వ్రాసితిని. ఆ రెండు పదములు అబద్ధము కావు. వానిలో ఒక బిడ్డ యేడ్పు లేదు, ఒక పొయ్యి లేదు, ఒప్పగింపని శ్లోకము లేదు. నేను వ్రాసినదియు నొక మినిట్సు పుస్తకమే యని ఈ నవల నాకు చెప్పినది.

గుణములతో పాటు దోషములను చెప్పుట విమర్శకుని విధి. పాత్రలు మితిమీరి యున్నవి. గ్రంథారంభమున వారి పట్టికయే యీయవలసివచ్చినది. కొందరు రెండు మూడు పుటలలో మెరసి మాయమగుదురు. కార్న్ కథలో షార్లెట్ బ్రాంటి 1847లో ప్రకటించిన 'జేన్ ఐర్' నీడ దట్టముగా పడినది: పాత భవనము, మతిలేని భార్య, అభిమానవతి యగు నుపాధ్యాయిని. ఉపసంఘముల నడుమ నింత వాస్తవముగా నడచిన కథ, ఆ భవనపు గడప దాటగనే యద్భుతకథా ధోరణి నందును. కార్న్ గుఱ్ఱముతో కూడ సముద్రపు టొడ్డుకొండనుండి పడి చనిపోవుట, మాంద్యముచే నెండిపోయిన పెద్దరైతుల తరమునకు తగిన ప్రతీకయే కావచ్చును. ఐనను అది అప్పులచే మెల్లమెల్లగా కూలియుండినచో నింకను సత్యముగా నుండెడిది. తుదిని రజతోత్సవమున ఊరంతయు గుమిగూడగా సారా తానును ఆ జనములో నొకతె యని గ్రహించుట హృద్యమే. కాని పతాకముల రెపరెపలలో మిచెల్ వంటివారి ఆకలి కొంచెము మరుగుపడినదనక తప్పదు. మరణశయ్యకు చేరువలో నున్న రచయిత్రి, పగ లేకుండ సెలవు గైకొనదలచినదేమో. ఆ క్షమ ఆమెకు శోభ. పఠిత మాత్రము ఆ క్షమలో నిద్రింపరాదు.

స్థానికాధికారుల నడవడిని సాహిత్యము విచారించుట మన భాషకు తెలియని విషయము కాదు. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో 'వివేకవర్ధని' స్థాపించి రాజమహేంద్రవరపు టుద్యోగుల లంచగొండితనమును నిర్భయముగా బయటపెట్టినారు. ప్రహసనములందు వ్యవహారమోసములను పరిహసించినారు. ప్రహసనమునకు దోషి కావలెను. దోషిని చూపి నవ్వించినచో సగము పని యైనట్లే. ఆ యాయుధము మనకు నేటికిని అవసరము. హోల్ట్‌బీ మార్గము వేరు. ఆమె దోషిని మన యెదుట నిలిపి, పిమ్మట మెల్లగా తొలగించి, ఆ ఖాళీస్థలమున మనలను నిలుపును. లంచము పుచ్చుకొనని వారందరు కూర్చుండిన సభలో గూడ లిడియా గిన్నెలు తోముచునే యుండును. దుష్టుని శిక్షించుటతో తీరని యన్యాయము నవ్వుతో తీరదు. దానికి ఓపికతో కూడిన చూపు కావలెను. మన వచనసాహిత్యమున ఆ చూపు అరుదుగా కనబడుచున్నది.

మనకును ఈ గ్రంథముతో సాక్షాత్సంబంధ మొకటి గలదు. 1992 నాటి డెబ్బదిమూడవ రాజ్యాంగసవరణముచే మన పంచాయతులందు స్త్రీలకు మూడవవంతు స్థానములు తక్కువ గాకుండ ఏర్పడినవి. బెడోస్ వంటి ముసలమ్మకు కుర్చీ వేసినాము. ఆ కుర్చీలో భర్త కూర్చుండి, భార్య పేరున సంతకమునకు మాత్రము కాగిత మింటికి పంపు దృశ్యము మనకు క్రొత్తది కాదు. బెడోస్ గొప్పతనము పదవిలో లేదు; తానే పోయి, తానే చూచి, తానే చేయెత్తుటలో నున్నది. ఈ నవలను మన గృహిణులు చదివినచో కౌన్సిలు నడపు విద్య వారికి రాకపోవచ్చును. నీటికుళాయి, అంగన్‌వాడీ, వీధిదీపము అను మాటలు ఇంటిమాటలే యని, వానిని మాటలాడు గది తమ వంటగదికి పొరుగునే యున్నదని మాత్రము తెలియును.

కావున ఈ పుస్తకమును వెనుకటి కాలపు పరదేశపు కథ యని త్రోసివేయరాదు. పఠితలకు నా విన్నప మొక్కటే. మీ యూరి సంఘపు తీర్మానము లెప్పుడైన మీ కంటబడినచో, అందులోని శీర్షికలను చదివి యాగిపోకుడు. రెండు శీర్షికల నడుమనున్న తెల్లని సందును గూడ చూడుడు. అచ్చట నొక పిల్ల కూర్చుండి యుండవచ్చును. నా హాజరుపట్టీలో ఆ బాలిక పేరు కెదురుగా నున్న గడి ఇప్పటికిని ఖాళీగానే యున్నది. ఆమె యిల్లు ఏ వీధిలో నున్నదో నాకు తెలియును. ఈ వ్యాసము ముగించిన పిదప నేను పోవలసిన త్రోవ యదియే.